స్పిండిల్ మాట వింటోందా?

టేబుల్ మీద నడిచే చిన్న సీఎన్‌సీ యంత్రానికి ఇచ్చే జీ-కోడ్ ఫైల్లో మొదట్లోనే ఒక వరుస కనిపిస్తుంది: ఎం3 ఎస్12000. స్పిండిల్‌ని కుడివైపుకు నిమిషానికి 12,000 చుట్ల వేగంతో తిప్పమని దానర్థం. తర్వాతి వరుస నుంచి యంత్రం ఆ 12,000 వచ్చేసిందన్న నమ్మకం మీదే నడుస్తుంది. ఫీడ్ ఎంతుండాలి, కట్టర్ ఒక్కో పన్ను ఎంత మందం చెక్కు తియ్యాలి అన్న లెక్కలన్నీ ఆ అంకె మీద కట్టినవే. రెండు పళ్ల 3 మిల్లీమీటర్ల కట్టర్‌తో పన్నుకు 0.03 మి.మీ. చొప్పున తియ్యాలంటే ఫీడ్ నిమిషానికి 720 మి.మీ. స్పిండిల్ 8,000కి పడిపోయిందనుకుందాం. పక్కల కదిపే స్టెప్పర్ మోటార్లకు ఆ సంగతి తెలియదు, అవి 720తోనే తోసుకుపోతాయి. పన్ను మీద 0.045 మి.మీ. పడుతుంది. స్పిండిల్ పూర్తిగా ఆగిపోయినా అవి తోస్తూనే ఉంటాయి. కట్టర్ విరిగేది అప్పుడే.

బ్రష్‌లెస్ స్పిండిల్ పెట్టుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ మోటారు కొనాలి, ఏ డ్రైవరు కొనాలి అని. అవీ అడగాల్సినవే. కానీ చెప్పిన వేగం వచ్చిందో లేదో చూసేది ఎవరన్నది అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న అని నా నమ్మకం. ఇప్పుడున్న దారులన్నింటినీ ఇక్కడ ఆ ప్రశ్నతోనే తూచాను.

బ్రష్‌లున్న మోటార్ల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 3018 అని పిలిచే చవకైన యంత్రాలతో 24 వోల్టుల 775 మోటారు వస్తుంది. కాస్త పెద్ద యంత్రాలకు వడ్రంగులు వాడే ట్రిమ్ రౌటర్ బిగిస్తారు. మకీటా ఆర్‌టీ0701 అలాంటిదే, 10,000 నుంచి 30,000 వరకు తిరుగుతుంది, అంతకు కిందికి దిగదు. రెండింట్లోనూ కార్బన్ బ్రష్‌లు అరిగిపోతాయి, నిప్పురవ్వలు లేస్తాయి, ఆ రవ్వలతో పుట్టే విద్యుత్ రొద పక్కనున్న కంట్రోలర్ బోర్డును ఇబ్బంది పెడుతుంది. రౌటర్ చేసే చప్పుడుకైతే అపార్ట్‌మెంటులో పక్కింటివాళ్లు తలుపు తడతారు. బ్రష్‌లెస్ మీద మనసు పోవడానికి ఇవి చాలు.

బ్రష్‌లెస్ మోటార్లో అయస్కాంతాలు తిరుగుతాయి, తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. ఏ చుట్టలోకి ఎప్పుడు కరెంటు పంపాలో ట్రాన్సిస్టర్లు చూసుకుంటాయి. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ పద్ధతిని ఒక పత్రంలో వివరించారు. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాక చిన్న మోటారు నుంచి పెద్ద శక్తి రాబట్టడం వీలైంది. మోటారు చవకబడింది గానీ మెదడు మోటారు లోంచి బయటికి వచ్చేసింది. బ్రష్‌లున్న మోటారుకు రెండు వైర్లు తగిలిస్తే తిరుగుతుంది. బ్రష్‌లెస్‌కు మూడు వైర్లుంటాయి, వాటి వెనక ఒక డ్రైవరు ఉండి తీరాలి. ఆ డ్రైవరుకు రోటర్ ఈ క్షణాన ఎక్కడుందో తెలిసి తీరాలి.

తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. మోటార్లోనే మూడు హాల్ సెన్సార్లు పెట్టి చదవడం ఒకటి. తిరిగే అయస్కాంతాలు ఆ క్షణంలో ఖాళీగా ఉన్న చుట్టలో పుట్టించే వోల్టేజిని, అంటే బ్యాక్ ఈఎంఎఫ్‌ని, గమనించడం రెండోది. రెండో దారిలో సెన్సార్లు, అదనపు వైర్లు అక్కర్లేదు. అయితే మోటారు నిలబడి ఉన్నప్పుడు ఆ వోల్టేజి సున్నా. కాబట్టి సెన్సార్ లేని డ్రైవరు మొదట్లో గుడ్డిగా తిప్పి, కాస్త వేగం అందాక చూడడం మొదలుపెడుతుంది. నడుస్తుండగా హఠాత్తుగా బరువు పడి రోటర్ ఆనవాలు తప్పితే మోటారు గిజగిజలాడి ఆగిపోతుంది. సెన్సార్ లేని స్పిండిళ్ల గురించి భయపడాల్సింది ఈ తప్పిపోవడం గురించే. వేగం కాస్త తగ్గడం గురించి కాదు.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు ముందుగా చూసేది రిమోట్ విమానాల సామగ్రి వైపు. మొదటి దారి ఇది: అవుట్‌రన్నర్ మోటారు, దానికి ఈఎస్‌సీ అనే డ్రైవరు. అరచేతిలో పట్టే మోటారు వందల వాట్లు ఇస్తుంది. ఇబ్బందంతా ఈఎస్‌సీకి అర్థమయ్యే భాషలో ఉంది, దీని మీద కాస్త ఆగాలి.

ఈఎస్‌సీకి రిసీవర్ నుంచి సెకనుకు 50 సార్లు ఒక పల్స్ రావాలి. పల్స్ వెడల్పు 1 మిల్లీసెకను ఉంటే ఆగు, 2 మిల్లీసెకన్లుంటే పూర్తి వేగం. మన యంత్రాల్లో ఎక్కువగా ఉండే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్. నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ 2009లో ఆర్డుయినో కోసం రాశారు, తర్వాత సన్నీ జియాన్ దాన్ని చాలా ముందుకు తీసుకెళ్లారు. దాని 1.1 కూర్పు స్పిండిల్ వేగాన్ని 11వ పిన్ మీద పీడబ్ల్యూఎంగా ఇస్తుంది. $30లో రాసిన గరిష్ఠ వేగానికి పిన్ పూర్తిగా ఆన్, సగం వేగానికి సగం సేపు ఆన్. ఇది సెకనుకు సుమారు 980 సార్లు కొట్టుకుంటుంది. ఈఎస్‌సీకి ఇందులో ఒక్క ముక్కా అర్థం కాదు.

ప్రీస్కేలర్ మారిస్తే సరిపోతుందని చాలామంది మొదలుపెడతారు. ఆర్డుయినో 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 1024తో భాగించి, 8 బిట్ల టైమర్‌తో 256 మెట్లు లెక్కిస్తే 61 హెర్ట్జ్ వస్తుంది. ఈఎస్‌సీ దాన్ని ఒప్పుకుంటుంది. కానీ ఒక్కో మెట్టు 64 మైక్రోసెకన్లు. 1 మిల్లీసెకను నుంచి 2 మిల్లీసెకన్ల దాకా పట్టేవి 16 మెట్లే. 12,000 వేగాన్ని 16 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 750 ఆర్పీఎం. ఎస్9000 అడిగినా ఎస్9300 అడిగినా ఒకటే వేగం రావచ్చు. 16 బిట్ల టైమర్ ఒకటి ఉంది కదా అంటే, దాన్ని స్టెప్పర్లను నడపడానికి జీఆర్‌బీఎల్ ఎప్పుడో తీసేసుకుంది. స్పిండిల్‌కు మిగిలింది 8 బిట్ల రెండో టైమరే.

ఇంకో చిక్కుంది. పవర్ రాగానే ఈఎస్‌సీ కాసేపు 1 మిల్లీసెకను పల్సులు వరసగా చూస్తేనే నడపడానికి ఒప్పుకుంటుంది. జీఆర్‌బీఎల్‌లో స్పిండిల్ ఆఫ్ అంటే పిన్ సున్నా, అసలు పల్సే ఉండదు. ఈఎస్‌సీ బీప్ బీప్‌మంటూ కూర్చుంటుంది. అందుకే ఆఫ్ విలువను కూడా 1 మిల్లీసెకనుగా మార్చి సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ కంపైల్ చెయ్యాలి. దీనికి ఎదురు వైపున్న ప్రమాదం మరీ పెద్దది. పవర్ ఇచ్చిన క్షణంలో గరిష్ఠ పల్స్ కనిపిస్తే చాలా ఈఎస్‌సీలు హద్దులు నేర్చుకునే మోడ్‌లోకి పోతాయి, ఆ తర్వాత ఏ పల్స్‌కి ఏ వేగం వస్తుందో చెప్పలేం. రీసెట్ అయ్యేటప్పుడు ఆర్డుయినో పిన్లు ఎటూ కాకుండా తేలుతుంటాయి కూడా. నా యంత్రంలో మొదటిసారి పవర్ వేసినప్పుడు మోటారు ఒక్క ఉలికిపాటుతో అర చుట్టు తిరిగింది. కొలెట్‌లో కట్టర్ లేదు కాబట్టి సరిపోయింది. ఆ పిన్ నుంచి గ్రౌండుకు ఒక 10 కిలోఓమ్ రెసిస్టర్ వేశాక అది మళ్లీ జరగలేదు. ఆ రెసిస్టర్ లేకుండా ఎవరూ స్పిండిల్ కలపకూడదు.

ఈ తంటాలన్నీ తప్పించే దారి మధ్యలో మరో చిన్న ఆర్డుయినో పెట్టడం. జీఆర్‌బీఎల్ ఇచ్చే పీడబ్ల్యూఎంని అది చదువుతుంది, తన 16 బిట్ల టైమర్‌తో ఈఎస్‌సీకి శుభ్రమైన పల్స్ ఇస్తుంది. జీఆర్‌బీఎల్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఈఎస్‌పీ32 మీద నడిచే ఫ్లూయిడ్‌ఎన్‌సీ వాడేవాళ్లకైతే ఇది కూడా అవసరం లేదు. దానిలో ఈఎస్‌సీల కోసమే ఒక స్పిండిల్ రకం ఉంది, పల్స్ కనిష్ఠం గరిష్ఠం ఫైల్లో రాసుకుంటే చాలు. అడిగిన వేగానికీ పంపే సంకేతానికీ మధ్య పట్టిక రాసుకునే సౌకర్యమూ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇదే: పాత ఆర్డుయినో ఊనోతో కుస్తీ పట్టకండి.

మోటారు వైపు కూడా ఒక మాట. విమానం మోటార్లు ప్రొపెల్లర్ గాలితో చల్లబడేలా చేసినవి. సీఎన్‌సీలో ఆ గాలి ఉండదు. వాటి బేరింగులు ప్రొపెల్లర్ లాగుడుకు చేసినవి గానీ కట్టర్ పక్కకు నెట్టే బలానికి చేసినవి కావు. తెరిచి ఉన్న అయస్కాంతాలకు ఇనుప రజను అంటుకుంటుంది. మోటారును పక్కన పెట్టి, యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులున్న స్పిండిల్ గొట్టాన్ని బెల్టుతో తిప్పడమే ఈ దారిలో బాగా నిలిచే ఏర్పాటు.

రెండో దారి సీఎన్‌సీ కోసమే కట్టి అమ్మే కిట్లు. 400, 500 వాట్లు, 48 వోల్టులు, 12,000 ఆర్పీఎం, ఈఆర్11 కొలెట్. డ్రైవరుతో పాటు వస్తాయి, డ్రైవరు మీద తిప్పుకునే నాబ్ ఉంటుంది. నాబ్ బదులు వోల్టేజిని గానీ పీడబ్ల్యూఎంని గానీ తీసుకునే టెర్మినళ్లు చాలావాటికి ఉంటాయి. వాటిలో చాలాభాగం 0 నుంచి 10 వోల్టులు అడుగుతాయి, మన కంట్రోలర్ ఇచ్చేది 5 వోల్టుల పీడబ్ల్యూఎం. మధ్యలో ఒక మార్పిడి మాడ్యూల్ పెడతారు. దాని మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది, ఎస్ గరిష్ఠం దగ్గర మీటరుతో చూస్తూ 10 వోల్టులకు తిప్పాలి. చాలామంది ఇది చెయ్యరు, తర్వాత వేగం ఎప్పుడూ తక్కువే వస్తోందని వాపోతారు. రెండు గ్రౌండులు నేరుగా కలపకుండా మధ్యలో పీసీ817 లాంటి ఆప్టోకప్లర్ వెయ్యడం మంచిది. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. డ్రైవర్లో ఏదైనా కాలిపోతే 48 వోల్టులు కంట్రోలర్ దాకా, అక్కడినుంచి కంప్యూటర్ దాకా రాకుండా ఆపేది అదే.

ఈ కిట్లలో హాల్ సెన్సార్లున్నవీ లేనివీ రెండు రకాలూ వస్తాయి, ధరలో తేడా కొద్దిగానే. హాల్ ఉన్నది తీసుకోండి. నిలబడ్డ స్థితి నుంచి బరువు మీద కూడా నిక్కచ్చిగా తిరుగుతుంది. పైగా ఆ మూడు సెన్సార్ల వైర్లే వేగం లెక్కపెట్టడానికి పనికొస్తాయి. రెండు ధ్రువ జతలున్న మోటార్లో ఒక్క చుట్టుకు 12 మార్పులొస్తాయి. ఈ పాఠాన్ని నేను సెన్సార్ లేనిదాన్ని ఏడాది వాడాక నేర్చుకున్నాను.

మూడో దారి వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని మార్చే డ్రైవరు. దానితో నడిచేవి 800 వాట్ల నుంచి 2.2 కిలోవాట్ల దాకా, 400 హెర్ట్జ్ దగ్గర 24,000 ఆర్పీఎం తిరిగే గుండ్రటి స్పిండిళ్లు. వీటినీ బ్రష్‌లెస్ అనే అమ్ముతారు, బ్రష్‌లు లేవు కాబట్టి అబద్ధం కాదు. కానీ లోపల అయస్కాంతాలూ లేవు, ఇవి మూడు ఫేజుల ఇండక్షన్ మోటార్లు. తేడా తెలియకపోతే మోటారు కాలుతుంది. ఈ స్పిండిల్‌కు 400 హెర్ట్జ్ దగ్గర 220 వోల్టులు సరి, ఆ నిష్పత్తిలో 50 హెర్ట్జ్ దగ్గర 27.5 వోల్టులు చాలు. మామూలు మోటార్ల కోసం 50 హెర్ట్జ్‌కే 220 వోల్టులు ఇచ్చేలా సెట్ అయి ఉన్న వీఎఫ్‌డీని మార్చకుండా తగిలిస్తే ఎనిమిది రెట్లు ఎక్కువ వోల్టేజి పడుతుంది. ఇనుము నిండిపోయి, కరెంటు పెరిగి, చుట్టలు మాడతాయి. స్పిండిల్ వైర్లు కలిపే ముందే ఫ్రీక్వెన్సీ, వోల్టేజి పారామీటర్లు రాసి, మళ్లీ చదివి చూసుకోవాలి.

వేగం తగ్గేకొద్దీ ఈ స్పిండిల్ శక్తి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 24,000 దగ్గర 2.2 కిలోవాట్లున్నది 6,000 దగ్గర 550 వాట్లే. గాలితో చల్లబడేవాటిలో ఫ్యాన్ షాఫ్టుకే ఉంటుంది కాబట్టి నెమ్మదిగా ఎక్కువసేపు తిప్పితే వేడెక్కుతాయి. నీటితో చల్లబడేవాటికి ఆ బాధ లేదు. మన ఇళ్లలో 2.2 కిలోవాట్లకు 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ కావాలి, పేరుకు కాకుండా నిజంగా పనిచేసే ఎర్తింగ్ కావాలి. స్పిండిల్ కేబుల్ షీల్డు ఉన్నదై ఉండాలి. వీఎఫ్‌డీ నుంచి ఎర్త్‌కు కారే కొద్దిపాటి కరెంటుకే ఇంట్లో ఆర్‌సీసీబీ ట్రిప్ కావచ్చు. అది విసిగిస్తోందని తీసేసి నేరుగా కలుపుకున్నవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

నియంత్రణలో మాత్రం వీఎఫ్‌డీది ముందడుగు. ఆర్‌ఎస్-485 రెండు వైర్ల మీద దానితో మాట్లాడొచ్చు. ఎంత ఫ్రీక్వెన్సీ పంపుతోందో, ఎంత కరెంటు తాగుతోందో అదే చెబుతుంది. ఎక్కువగా దొరికే హువాన్‌యాంగ్ వీఎఫ్‌డీలు ఆ వైర్ల మీద మాట్లాడే మాడ్‌బస్ భాష ప్రామాణికమైనది కాదు, వాటికోసం లైనక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఫ్లూయిడ్‌ఎన్‌సీలోనూ ప్రత్యేకంగా కోడ్ రాసిపెట్టారు. ఒకటి మర్చిపోకూడదు: వీఎఫ్‌డీ చెప్పేది తను పంపే ఫ్రీక్వెన్సీ, షాఫ్టు వేగం కాదు. మామూలు బరువులో రెండింటికీ తేడా తక్కువ. షాఫ్టు ఇరుక్కున్నప్పుడు తేడా చాలా పెద్దది.

ఓడ్రైవ్, బెంజమిన్ వెడ్డర్ రూపొందించిన వీఈఎస్‌సీ లాంటి డ్రైవర్లు నాలుగో దారి. ఇవి ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్ చేస్తాయి, వేగాన్ని కొలిచి నిలబెడతాయి, కంప్యూటర్‌కి నివేదిస్తాయి. నున్నగా, చప్పుడు లేకుండా తిప్పుతాయి. ఆపేటప్పుడు మోటారు జనరేటరై శక్తిని వెనక్కి నెడుతుంది. బ్యాటరీ ఉంటే తీసుకుంటుంది, మనం వాడే ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై తీసుకోలేదు. వోల్టేజి పైకెగసి ఏదో ఒకటి ట్రిప్ అవుతుంది. బ్రేక్ రెసిస్టర్ పెట్టాలి, లేదా ఆపడాన్ని నెమ్మది చెయ్యాలి. స్పిండిల్ ఒక్కదాని కోసం ఇంత కొనడం నాకు మించిన ఖర్చనిపిస్తుంది. ట్యాపింగ్, లేతు మీద మర కొయ్యడం లాంటివి చేసేవాళ్లకు ఎన్‌కోడర్‌తో పాటు ఇది న్యాయమే.

వేగాన్ని కొలిచి సరిదిద్దే లూప్ అసలు ఎంత అవసరమన్నది దీని తర్వాతి ప్రశ్న. అలాంటి లూప్, అంటే పీఐడీ, లేనిదే స్పిండిల్ పనికిరాదని గట్టిగా అనేవాళ్లున్నారు. లెక్క చూద్దాం. 48 వోల్టులకు 12,000 తిరిగే మోటారంటే వోల్టుకు 250 చుట్లు. చుట్టల నిరోధం 0.1 ఓమ్ అనుకుంటే, 10 ఆంపియర్ల బరువు మీద 1 వోల్టు అక్కడే పోతుంది, అంటే 250 ఆర్పీఎం. 12,000లో 2 శాతం. పవర్ సప్లై దిగడం, వైర్ల నష్టం కలిపినా మరికొంతే. 3,000 దగ్గర మాత్రం అదే 250 అంటే 8 శాతానికి పైన.

కోతకు కావలసిన శక్తి కూడా మనం అనుకున్నంత ఉండదు. 3 మి.మీ. కట్టర్ అల్యూమినియంలో అర మిల్లీమీటరు లోతున, నిమిషానికి 720 మి.మీ. పోతే సెకనుకు 18 ఘన మిల్లీమీటర్ల లోహం తీస్తుంది. ఘన మిల్లీమీటరుకు సుమారు ఒక జౌల్ వేసుకుంటే 18 వాట్లు. 500 వాట్ల మోటారు దీన్ని పట్టించుకోదు. మోటారు అలసిపోవడానికి చాలా ముందే మన యంత్రాల ఫ్రేమ్ వంగుతుంది. కాబట్టి చెక్క, ప్లాస్టిక్, తేలిక అల్యూమినియం పనులకు లూప్ లేని మంచి మోటారు చాలు అనే అంటాను.

మరి కట్టర్లెందుకు విరుగుతున్నాయి? చెక్కులు గాడిలో ఇరుక్కున్నప్పుడు, కరిగిన యాక్రిలిక్ కట్టర్‌కు చుట్టుకుని గట్టిపడినప్పుడు, సెన్సార్ లేని డ్రైవరు రోటర్ ఆనవాలు తప్పినప్పుడు, వైరు ఊడినప్పుడు. నా కట్టర్లు విరిగిన ప్రతిసారీ స్పిండిల్ పూర్తిగా నిలబడి ఉంది, రెండు మూడు శాతం తగ్గి కాదు. రెండు శాతాన్ని సరిచేసే పీఐడీకి ఈ నిలబడిపోవడం మీద అధికారం లేదు. పైగా ఇరుక్కున్న సేపూ పీఐడీ కూడబెట్టే తేడా, అంటే ఇంటిగ్రల్, పోగుపడి, విడివడగానే స్పిండిల్ అడిగినదానికి మించి దూకుతుంది. పీఐడీ రాసేవాళ్లు ఇంటిగ్రల్‌కు హద్దు పెట్టడం మర్చిపోకూడదు.

అందుకని దిద్దడం తర్వాత, ముందు చూడడం. లైనక్స్‌సీఎన్‌సీలో దీనికి చోటుంది. స్పిండిల్ వేగం అందుకుందని చెప్పే ఒక పిన్ ఉంది. స్పిండిల్ మొదలైనప్పుడు, వేగం మారినప్పుడు, ఆ పిన్ అవునన్నాకే మొదటి ఫీడ్ కదలిక జరుగుతుంది. కోత మధ్యలో వేగం పడిపోతే ఆపడానికి ఫీడ్‌ని నిలిపే పిన్నులు వేరే ఉన్నాయి, ఆ రెండు రకాల పిన్నులూ కలుపుకోవాలి. జీఆర్‌బీఎల్‌లో వేగం చదివే పిన్నే లేదు. ఎం3 తర్వాత జీ4 పీ3 అని రాసి మూడు సెకన్లు ఆగమని చెప్పడం ఒక్కటే అందరూ చేసేది. మూడు సెకన్లయ్యాక తిరుగుతోందో లేదో అది అడగదు.

కానీ జీఆర్‌బీఎల్‌కి ఏ1 అనే పిన్ ఉంది. దాన్ని గ్రౌండుకు కలిపితే ఫీడ్ హోల్డ్, అంటే యంత్రం స్టెప్పులు తప్పకుండా నెమ్మదిగా ఆగి, తర్వాత అక్కడినుంచే కొనసాగించగలదు. ఈఎస్‌సీ కోసం మధ్యలో పెట్టిన ఆ చిన్న ఆర్డుయినో ఇక్కడ రెండో పనికి వస్తుంది. అడిగిన వేగం ఎంతో దానికి ముందే తెలుసు. వచ్చిన వేగాన్ని హాల్ వైరు నుంచి గానీ, కొలెట్ నట్ సగానికి నల్ల రంగు వేసి పక్కన పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ నుంచి గానీ లెక్కపెట్టొచ్చు. నట్ మీద అయస్కాంతం అతికించొద్దు, 12,000 దగ్గర జిగురు ఊడితే అది తూటాలా ఎగురుతుంది. చుట్టుకు ఒక్క పల్సే అయినా 12,000 దగ్గర 5 మిల్లీసెకన్లకొకటి వస్తుంది. వచ్చిన వేగం అడిగినదాంట్లో 80 శాతం కన్నా తగ్గి 30 మిల్లీసెకన్లు అలాగే ఉంటే ఏ1ని కిందికి లాగాలి. మొదలయ్యేటప్పుడు వేగం ఎలాగూ తక్కువే కాబట్టి ఎం3 తర్వాత మొదటి రెండు సెకన్లు వదిలెయ్యాలి. జీ4లో మూడు సెకన్లున్నాయి, ఆ మిగిలిన సెకనులోనే తిరగని స్పిండిల్ దొరికిపోతుంది, కట్టర్ ఇంకా గాల్లో ఉండగానే.

నిమిషానికి 720తో పోతున్న యంత్రం 30 మిల్లీసెకన్లలో మూడో వంతు మిల్లీమీటరు కదులుతుంది. ఆగడానికి పట్టే దూరం దానికి అదనం. ఎక్సు, వై త్వరణం సెకను వర్గానికి 200 మి.మీ. ఉంటే ఆ దూరం కూడా మూడో వంతు మిల్లీమీటరు చుట్టూనే. 3 మి.మీ. కట్టర్ ఆ మాత్రం వంగుడుకు తట్టుకోవచ్చు. 1 మి.మీ. కట్టర్ తట్టుకోదు. సన్నటి కట్టర్లకు ఫీడ్ ఎలాగూ తక్కువే పెడతాం. 200 దగ్గర ఆ 30 మిల్లీసెకన్లలో కదిలేది పదో వంతు మిల్లీమీటరే.